టీడీఎస్ తగ్గితే నీళ్లు మంచివైనట్టేనా? కాలుష్యం మాటలూ, వాటి వెనక లెక్కలూ

కనిగిరి, పామూరు, పొదిలి వైపు నీళ్ల ప్లాంటు దగ్గర క్యాను పట్టుకునేవాళ్లు అడిగేది ఒక్కటే: ‘టీడీఎస్ ఎంతుంది?’ ప్లాంటాయన పెన్నులాంటి మీటరును గ్లాసులో ముంచి చూపిస్తాడు. 80 అనో 120 అనో పడుతుంది. అడిగినవారికి తృప్తి, చూపించినవారికి బేరం. పశ్చిమ ప్రకాశంలో తరాలుగా పళ్లనూ ఎముకలనూ పాడుచేస్తున్న ఫ్లోరైడ్ సంగతి మాత్రం ఆ మీటరుకు తెలియదు.

టీడీఎస్, బీఓడీ, రెసిడ్యూ, ఎల్‌డీ 50, పీఎం 10... కాలుష్యం గురించి రోజూ చెవినపడే ఈ మాటల్లో ప్రతిదీ ఒక కొలత. ఒక్కో కొలత ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఆ జవాబును తెచ్చి పక్క ప్రశ్నకు అతికించడంతోనే చాలా తప్పులు మొదలవుతాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బోరు నీళ్లూ, రొయ్యల చెరువులూ, రాతి క్వారీలూ, పొగాకూ అన్నీ ఉన్నాయి. ఉదాహరణల కోసం దూరం పోనక్కర్లేదు.

మీటరుకు కనబడనిది

టీడీఎస్ అంటే లీటరు నీళ్లలో కరిగిన లవణాల మొత్తం బరువు, మిల్లీగ్రాముల్లో. పెన్ను మీటరు నిజానికి దాన్ని కూడా తూచదు. నీళ్లలోంచి కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందో కొలిచి, ఆ అంకెను 0.5, 0.7 మధ్య ఏదో ఒకదానితో గుణించి చూపిస్తుంది. టీడీఎస్ 600 ఉన్న బోరు నీళ్లలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే, మొత్తం లవణాల్లో అది అరశాతం. మీటరులో వచ్చే తేడాయే అంతకంటే ఎక్కువ.

తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 టీడీఎస్‌ను 500 దాకా మంచిదంటుంది, వేరే నీటి వసతి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటుంది. ఫ్లోరైడ్‌కు ఆ రెండు అంకెలు 1.0, 1.5. అక్కడ నాలుగింతలు సడలించినవాళ్లు ఇక్కడ సగమే సడలించారంటే తేడా అర్థం చేసుకోవచ్చు. పైగా ఉప్పదనాన్ని నాలుకే పట్టేస్తుంది. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన ఏవీ లేవు.

ఇంతకంటే పెద్ద మెలిక ఒకటుంది. భూమిలో ఉన్న గ్రానైటు జాతి రాళ్లలో ఎపటైట్, బయోటైట్, ఫ్లోరైట్ వంటి ఖనిజాలుంటాయి. ఫ్లోరైడ్ వాటిలోంచే నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్ దాంతో కలిసి కరగని పదార్థంగా మారి విడిపోతుంది కాబట్టి, కొంతకు మించి పెరగదు. కాల్షియం తక్కువై, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువైన నీళ్లలో ఆ అడ్డు ఉండదు. కాల్షియం తక్కువున్న నీళ్లంటే సబ్బు బాగా నురగొచ్చేవి, పప్పు త్వరగా ఉడికేవి. ఊరంతా ‘మంచినీళ్ల బోరు’ అని పిలుచుకునే బోరులోనే ఒక్కోసారి ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. లోతు పెరిగేకొద్దీ నీరు రాతిని అంటిపెట్టుకుని ఉండే కాలం కూడా పెరుగుతుంది. అందుకే పాత దిగుడుబావి ఫలితాన్ని పక్కనే వేసిన లోతు బోరుకు అన్వయించకూడదు.

ఫ్లోరైడ్ ఎంతుందో తెలియాలంటే ఫ్లోరైడ్‌నే కొలిపించాలి. బోరును కొన్ని నిమిషాలు పారనిచ్చి, ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో రెండు మూడుసార్లు తొలిచి, నిండా పట్టాలి. గాజు సీసా పనికిరాదు, గాజులోని సిలికాతో ఫ్లోరైడ్ చర్య జరిపే వీలుంది. సీసా మీద తేదీ, బోరు లోతు రాయాలి. ఎండాకాలం చివర ఒకసారి, వానలయ్యాక ఒకసారి పరీక్ష చేయిస్తేనే ఆ బోరు స్వభావం తెలుస్తుంది.

ఆర్‌ఓ ప్లాంటులో నీళ్లను వడగట్టే పొర సరిగ్గా ఉంటే టీడీఎస్‌తోపాటు ఫ్లోరైడ్ కూడా తగ్గుతుంది, అందులో సందేహం లేదు. అయితే చాలాచోట్ల ‘రుచి కోసం’ శుద్ధి చేసిన నీళ్లలో పచ్చి నీళ్లు కలుపుతారు. బోరులో టీడీఎస్ 300, ఫ్లోరైడ్ 3 ఉన్నాయనుకుందాం. సగం సగం కలిపితే టీడీఎస్ 150కి దగ్గరగా వస్తుంది, మీటరు మీద బ్రహ్మాండంగా కనబడుతుంది. ఫ్లోరైడ్ మాత్రం 1.5 దగ్గర, సరిగ్గా గీత మీద నిలబడి ఉంటుంది.

గాఢత ఒకటి, మోతాదు ఒకటి

లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అనేది గాఢత. ఒంట్లోకి రోజుకు ఎంత పోయింది, దాన్ని ఒంటి బరువుతో భాగిస్తే ఎంత అన్నది మోతాదు. విషశాస్త్రం పట్టించుకునేది రెండోదాన్ని. ఫ్లోరైడ్ 2 ఉన్న నీళ్లను 60 కిలోల మనిషి రోజుకు 3 లీటర్లు తాగితే 6 మిల్లీగ్రాములు, అంటే కిలో బరువుకు 0.1. అవే నీళ్లు 15 కిలోల పిల్లవాడు లీటరున్నర తాగితే 3 మిల్లీగ్రాములే, కానీ కిలోకు 0.2. పెద్దాయన కంటే రెట్టింపు. పైగా పక్కా పళ్లు చిగురు లోపల తయారవుతున్న వయసది. పళ్ల మీద సున్నపు మచ్చలు, గోధుమరంగు చారలు పడేది చిన్నతనంలో తాగిన నీళ్లవల్లే. ఎదిగినవాళ్లకు పళ్లు మారవు, దెబ్బ ఎముకల మీద పడుతుంది. మే నెల ఎండలో పొలం పనిచేసే మనిషి 5, 6 లీటర్లు తాగుతాడు కాబట్టి ‘సగటు మనిషి’ కోసం వేసిన లెక్క అతనికి చాలదు.

మరగకాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. 4 లీటర్లు కాచి 3 లీటర్లకు దించితే 1.5 కాస్తా 2.0 అవుతుంది. అత్తెసరు పెట్టిన అన్నంలో నీళ్లన్నీ మెతుకులోనే ఇంకుతాయి. గంజి వారిస్తే కొంత ఫ్లోరైడ్ బయటికి పోతుంది, అయితే ఆ గంజిని ఇంట్లోనే తాగితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. తాగడానికి మాత్రం క్యాను నీళ్లు తెచ్చుకుని వంటకు బోరు నీళ్లే వాడే ఇళ్లలో ఈ వాటాను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఫ్లోరైడ్ తీసే పద్ధతుల్లో నల్గొండ పేరుతో ప్రసిద్ధమైనది నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించినది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి పది నిమిషాలు నెమ్మదిగా తిప్పి, గంటసేపు తేర్చి, పైనీళ్లు తీసుకోవాలి. బక్కెట్టుకు కుళాయిని అడుగునుంచి కొన్ని సెంటీమీటర్లు పైన బిగించాలి, లేకపోతే అడుగున దిగిన బురద కూడా గ్లాసులోకి వస్తుంది. పటిక ఎంత వేయాలన్నది ఫ్లోరైడ్‌తోపాటు నీళ్ల క్షారత మీద కూడా ఆధారపడుతుంది. ఈ పద్ధతి ఎక్కువగా చెడేది ఇక్కడే. పక్క ఊరి కొలతతో పటిక వేస్తే ఫ్లోరైడ్ దిగకపోవచ్చు, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) అదుపు తప్పి అల్యూమినియం నీళ్లలోనే మిగిలిపోవచ్చు. అల్యూమినియంకు హద్దు 0.03, సడలిస్తే 0.2 మిల్లీగ్రాములు. ఒక సమస్య తీర్చబోయి ఇంకొకటి తెచ్చుకున్నట్టవుతుంది. యాక్టివేటెడ్ అల్యూమినా గుళికల ఫిల్టరు కొంతకాలానికి నిండిపోతుంది. అప్పుడు కాస్టిక్ సోడాతో కడిగి, ఆమ్లంతో సరిచేయాలి. కడగడం మానేసిన ఫిల్టరు చూడ్డానికి మాత్రం పనిచేస్తున్నట్టే ఉంటుంది, నీళ్లు పారుతూనే ఉంటాయి.

వ్యర్థం అన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఏ పద్ధతీ ఫ్లోరైడ్‌ను మాయం చేయదు, ఒకచోటినుంచి ఇంకోచోటికి జరుపుతుంది, అంతే. ఫ్లోరైడ్ 3 ఉన్న 1000 లీటర్ల నీళ్లనుంచి ఆర్‌ఓ ప్లాంటు 400 లీటర్ల మంచినీళ్లు తీస్తే, మిగిలిన 600 లీటర్ల రిజెక్టులో ఫ్లోరైడ్ ఇంచుమించు 5కు చేరుతుంది. దాన్ని బోరు పక్కనే గుంట తీసి వదిలితే కొంతకాలానికి ఆ బోరులోకే దిగుతుంది. బండి కడుక్కోవడానికీ, మరుగుదొడ్లకూ వాడటం నయం. పటిక బురదను పెరట్లో పారబోయడం కూడా రిజెక్టును వదలడం వంటిదే.

నీళ్లను శుద్ధి చేయడం కంటే నీటి వనరునే మార్చడం మేలన్న వాదన పశ్చిమ ప్రకాశంలో బలంగా ఉండటానికి కారణం ఈ లెక్కే. వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల్లోంచి శ్రీశైలం నీళ్లు రావాలని అక్కడివాళ్లు ఎదురుచూసేది సాగు కోసమే కాదు.

మందు అనే మాట

తెలుగులో జబ్బు తగ్గించేదీ మందే, పురుగును చంపేదీ మందే, గడ్డిని మాడ్చేదీ మందే. విషశాస్త్రానికి ఇది ఇబ్బందేమీ కాదు, తేడా మోతాదులోనే ఉందని ఆ శాస్త్రం కూడా అంటుంది. ఇబ్బంది దుకాణంలో వస్తుంది. డబ్బా మీద త్రికోణం రంగు చూసి ‘ఇది పచ్చది, ఏం కాదు’ అనేవాళ్లు చాలామంది. ఆ రంగు చెప్పేది ఎల్‌డీ 50ని, అంటే ప్రయోగశాలలో ఎలుకల గుంపులో సగాన్ని చంపే మోతాదును. కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపు ఎరుపు, 500 దాకా పసుపు, 5000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. ఇది ఒక్కసారి ఒంట్లోకి పోతే ఏమవుతుందన్న ప్రశ్నకు మాత్రమే జవాబు. పదేళ్లు పిచికారీ చేస్తే ఏమవుతుందో, చెరువులో చేపలకు ఏమవుతుందో, విరుగుడు ఉందో లేదో అది చెప్పదు. గడ్డిమందు పారాక్వాట్ ఎరుపు కాదు, పసుపు. అయినా దానికి విరుగుడు లేదు. ఎరుపు తరగతిలోని ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులకు ఆసుపత్రిలో విరుగుడుగా ఎట్రోపిన్ ఉంది. మందు ఒంటిమీద పడితే బట్టలు వెంటనే విప్పి సబ్బుతో కడగాలి. ఆసుపత్రికి పోయేటప్పుడు డబ్బా గానీ లేబుల్ గానీ వెంట తీసుకుపోవాలి. ఏ మందో తెలియకుండా డాక్టరు విరుగుడు ఎంచుకోలేరు.

విషం ఒంట్లోకి పోయే దారి కూడా ముఖ్యమే. ఒంగోలు, కందుకూరు, కొండపి వైపు తెల్లవారుజామున పొగాకు రెలిచే (ఆకు తుంచే) కూలీలకు తలతిరుగుడు, వాంతులు వచ్చేది పురుగుమందువల్లే కానక్కర్లేదు. మంచుకు తడిసిన ఆకు మీది నికోటిన్ నీళ్లలో కరిగి చర్మంలోంచి దిగుతుంది. ఆకు ఆరాక రెలవడం, నిండు చేతుల చొక్కా, చేతికి తొడుగు, తడిసిన బట్టలు వెంటనే మార్చుకోవడం, ఇవే దీనికి జాగ్రత్తలు. నికోటిన్ అర్ధాయువు రక్తంలో రెండు గంటల పైచిలుకు, అంటే అంత సేపటికి సగం పోతుంది. అందుకే బాధ సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో సద్దుమణుగుతుంది. ఇలా వెంటనే కనబడి పోయేదాన్ని తీవ్ర విషప్రభావం అంటారు. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి కదలదు. అది దీర్ఘకాలిక ప్రభావం.

చెరువులో, సముద్రంలో పాదరసం కథ వేరు. ఒక చేప ఒంట్లో వయసుతోపాటు అది పోగుపడటాన్ని జీవసంచయం అంటారు. చిన్న చేపను పెద్ద చేప, దాన్ని ఇంకా పెద్దది తినేకొద్దీ మెట్టుమెట్టుకూ గాఢత పెరగడం జీవవృద్ధి. కవళ్లలో కంటే సొరలో పాదరసం ఎక్కువుండేది రెండో కారణంతోనే. ఫ్లోరైడ్ మొదటి పని చేస్తుంది, రెండోది అలా చేయదు.

రొయ్యల చెరువు నీళ్లు

ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు మాటల్లో బీఓడీ, అమ్మోనియా, రెసిడ్యూ ఇంటి మాటలైపోయాయి. మేత లెక్కతో మొదలుపెడితే మిగతావి తేలిగ్గా అర్థమవుతాయి. టన్ను రొయ్యలకు 1400 కిలోల మేత, అందులో 35 శాతం మాంసకృత్తులు అనుకుంటే, మేతతో చెరువులోకి దిగే నత్రజని 78 కిలోలు. టన్ను రొయ్యల ఒంట్లో బయటికి వచ్చేది 28 కిలోలకు అటూ ఇటూ. తక్కిన 50 కిలోలు నీళ్లలో, అడుగు బురదలో ఉంటాయి.

అందులో కొంత అమ్మోనియాగా మారుతుంది. చెరువు దగ్గర వాడే పరీక్ష కిట్టు చూపించేది మొత్తం అమ్మోనియాను, రొయ్యను చంపేది మాత్రం అందులోని విడి (అయాన్‌గా మారని) అమ్మోనియా. రెండింటి నిష్పత్తిని నిర్ణయించేది పీహెచ్. 30 డిగ్రీల మంచినీళ్లలో పీహెచ్ 7.5 ఉంటే విడి భాగం రెండున్నర శాతం, 8.5 ఉంటే 20 శాతం, 9 అయితే దాదాపు 45 శాతం. ఉప్పునీళ్లలో కాస్త తక్కువ, వరస మాత్రం అదే. నీళ్లు పచ్చబడిన చెరువులో మధ్యాహ్నానికి పాచి కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుని పీహెచ్‌ను ఎక్కిస్తుంది. పొద్దున ఏడు గంటలకు కిట్టులో భరోసాగా కనబడిన అంకె మూడింటికి ప్రాణాంతకం కావచ్చు. అమ్మోనియా మధ్యాహ్నం, ఆక్సిజన్ తెల్లవారుజామున చూడాలనేది ఇందుకే.

చెరువు ఖాళీచేసేటప్పుడు వచ్చేది బీఓడీ. నీళ్లలోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు తినడానికి ఎంత ఆక్సిజన్ కావాలో అది చెబుతుంది. మన దేశంలో 27 డిగ్రీల వద్ద 3 రోజుల పరీక్ష వాడుకలో ఉంది. సీఓడీ అంటే అదే పనిని రసాయనంతో రెండు గంటల్లో చేయించడం, సూక్ష్మజీవులు ముట్టని పదార్థం కూడా అందులో లెక్కకొస్తుంది. ఉప్పునీళ్లలో సీఓడీని గుడ్డిగా నమ్మకూడదు. క్లోరైడ్ కూడా ఆ రసాయనంతో చర్య జరిపి అంకెను పెంచేస్తుంది. ల్యాబువాళ్లు దాన్ని మెర్క్యురిక్ సల్ఫేట్‌తో కట్టడి చేశారో లేదో అడగాలి. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ మార్గదర్శకాల్లో వదిలే నీళ్ల బీఓడీ లీటరుకు సముద్రంలోకైతే 50 మిల్లీగ్రాములు, క్రీకులోకైతే 20 దాటకూడదు. 5 హెక్టార్లు, ఆపైన సాగుచేసే ఫారాలు నీటి శుద్ధి చెరువు పెట్టుకోవాలి. చెరువు దించేటప్పుడు చివరి నీళ్లలోనే బురదా బీఓడీ ఎక్కువ కాబట్టి, కనీసం ఆ భాగాన్నైనా నిలవబెట్టి తేర్చితే చాలా భారం తగ్గుతుంది. పక్క రైతు అదే కాలువనుంచి నీళ్లు తోడుకుంటాడు. వదిలిన బురదతోపాటు తెల్లమచ్చ వైరస్ కూడా ఇలాగే ఊరంతా తిరుగుతుంది.

రెసిడ్యూ అంటే రొయ్య ఒంట్లో మిగిలిపోయిన మందు అవశేషం. దీని విషయంలో రెండు మాటలు కలగలిసిపోతుంటాయి. ఆక్సీటెట్రాసైక్లిన్ వంటి మందుకు గరిష్ఠ అవశేష పరిమితి ఉంటుంది, ఐరోపాలో కిలోకు 100 మైక్రోగ్రాములు. మందు ఆపి తగినన్ని రోజులు ఆగితే దానికి లోబడొచ్చు. క్లోరామ్‌ఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లకు అలాంటి పరిమితే లేదు, అవి నిషేధం. క్లోరామ్‌ఫెనికాల్ వల్ల కొందరిలో ఎముకమజ్జ దెబ్బతింటుంది, ఇంతవరకు తీసుకుంటే క్షేమమనే మోతాదు తేలలేదు. 2022 నవంబరు నుంచి ఐరోపా చర్య తీసుకునే స్థాయి దానికి కిలోకు 0.15 మైక్రోగ్రాములు, నైట్రోఫ్యూరాన్ అవశేషాలకు 0.5. పది టన్నుల రొయ్యల్లో క్లోరామ్‌ఫెనికాల్ మొత్తం కలిపి ఒకటిన్నర మిల్లీగ్రాము ఉన్నా సరుకు గీత మీదున్నట్టే. అందుకే ఇలాంటి మందు కలిసి ఉండగల పేరులేని ‘ప్రోబయోటిక్’ సంచీ విషయంలో ‘కొంచెమే వేశాం’ అనే సమాధానం నిలవదు. నైట్రోఫ్యూరాన్ అవశేషాలు కండకు అంటుకుని ఉండిపోతాయి కాబట్టి నాలుగు రోజులు ఆగినా లాభం లేదు.

రాతి దుమ్ము, కుప్ప నీళ్లు, చివరగా రిపోర్టు

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ అది గాబ్రో జాతి రాయి. అసలు గ్రానైటుతో పోలిస్తే స్ఫటికం (క్వార్ట్జ్) చాలా తక్కువ. మార్కాపురం పలకరాయి అలా కాదు, అందులో స్ఫటికం ఉంటుంది. దుమ్ము ఎంత లేచిందన్నదానికంటే అందులో స్ఫటికం ఎంతన్నదే ఊపిరితిత్తులకు ముఖ్యం. ఫ్యాక్టరీల చట్టం పెట్టిన లెక్క కూడా ఇదే చెబుతుంది. ఊపిరితిత్తుల లోతుకు పోయే సన్నని దుమ్ముకు హద్దు, ఘనమీటరు గాలికి 10ని, స్ఫటికశాతానికి 2 కలిపిన మొత్తంతో భాగించగా వచ్చే మిల్లీగ్రాములు. స్ఫటికం 3 శాతమైతే 2 మిల్లీగ్రాములు, 30 శాతమైతే 0.31. కంటికి ఒకేలా కనబడే రెండు దుమ్ముల మధ్య ఆరింతల తేడా. ఊరి గాలికి వాడే పీఎం 10 (పది మైక్రాన్ల లోపు దుమ్ము) హద్దు, అంటే ఘనమీటరుకు 24 గంటల సగటు 100 మైక్రోగ్రాములు, ఇక్కడ అక్కరకు రాదు, అది స్ఫటికాన్ని విడిగా చూడదు. మూతికి కట్టుకునే తుండుగుడ్డ ముక్కులో పడే మోటు దుమ్మును ఆపుతుంది, సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే నాలుగు మైక్రాన్ల లోపు దుమ్మును ఆపదు. నీళ్లు చల్లుతూ కోయడం, డ్రిల్లు దగ్గరే దుమ్మును పీల్చేయడం ముందు, ఎన్95 తర్వాత.

చెత్త విషయానికొస్తే, డంపు యార్డునూ ల్యాండ్‌ఫిల్‌నూ ఒకే అర్థంలో వాడేస్తుంటారు. అడుగున నీరు దిగని పొర, లీచేట్‌ను పట్టి తోడే గొట్టాలు, పైన మట్టి కప్పు ఉంటేనే రెండోది. అవి లేకపోతే అది ఊరి బయట పోసిన కుప్ప. వానకు చెత్తలోంచి ఊరి దిగే నల్లటి నీళ్లే లీచేట్, అది భూగర్భజలంలోకి పోతుంది. తడిచెత్తను ముందే విడదీసి కంపోస్టు చేస్తే లీచేట్ చాలావరకు తగ్గుతుంది. కర్బనం, నత్రజని 25, 30 పాళ్లకు ఒకటిగా ఉండాలి. కూరగాయల తొక్కుకు వరిగడ్డి కలిపితే సరిపోతుంది. నెల్లూరులో ఊక చవక కదా అని అదే పోస్తే సిలికా వల్ల నెలలు గడిచినా అలాగే ఉంటుంది. కుప్ప మీటరు ఎత్తుకు తగ్గితే వేడెక్కదు. కంపు కొడుతోందంటే తడి ఎక్కువై గాలి ఆడటం లేదన్నమాట, తిరగేయాలి.

ఇన్ని పరీక్షల తర్వాత చేతికొచ్చే రిపోర్టులో ఎక్కువగా కనబడేది ‘బీడీఎల్’. దాన్ని ‘లేదు’ అని చదువుకుంటారు. ఆ ల్యాబు పరికరం పట్టగలిగిన స్థాయికి తక్కువ అని మాత్రమే దాని అర్థం. తాగునీటిలో ఆర్సెనిక్‌కు హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. ల్యాబు పద్ధతి 0.05 కంటే తక్కువను పట్టలేనిదైతే, ఆ బీడీఎల్ కింద హద్దుకు నాలుగింతలు ఎక్కువున్న నీళ్లు కూడా దాక్కోగలవు. శాంపిల్ ఇచ్చేటప్పుడే పద్ధతి పేరూ, గుర్తించగల కనీస స్థాయీ రిపోర్టులో వేయమని రాయించుకోవాలి. ఆ స్థాయి హద్దుకు పదో వంతులో ఉంటే నిశ్చింత, హద్దును దాటి ఉంటే ఆ డబ్బుకు ఇంకో ల్యాబు వెతుక్కోవడం మంచిది.